తెల్ల పంచె నాది కాదు

ఈ పదేళ్లలో నన్ను చాలా కాలేజీలకు పిలిచారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఒకటి రెండుసార్లు అనంతపురం కూడా. పిలిచిన ప్రతిచోటా శాలువా కప్పుతారు. ఏమీ లేని స్థితి నుంచి పైకొచ్చిన పారిశ్రామికవేత్త అని పరిచయం చేస్తారు. ఆ తర్వాత మైకు చేతికిచ్చి విజయ రహస్యం చెప్పమంటారు.

నేను తెల్ల పంచె కథ చెబుతాను. హిందూపురంలో పట్టునూలుకు రంగులు అద్దే చిన్న షెడ్డు పెట్టిన కొత్తలో, అద్దకంవాళ్లంతా మాసిన బట్టలు కట్టుకుంటే నేను మాత్రం రోజూ ఉతికిన తెల్ల పంచె కట్టుకుని తొట్ల మధ్య నిలబడేవాణ్ణని చెబుతాను. రంగు వేసి కడిగిన నూలు చిలపను, అంటే నూలు కట్టను, తడి ఆరకముందే నా పంచె అంచులో చుట్టి పిండేవాణ్ణి, పంచెకు రంగు అంటితే ఆ సరుకు గేటు దాటేది కాదు, అందుకే మా నూలు ప్యాకెట్ మీద పంచె బొమ్మ ఉంటుంది అంటాను. పిల్లలు చప్పట్లు కొడతారు. ప్రిన్సిపాల్ గారు నాణ్యత గురించి నాలుగు మాటలు కలుపుతారు. భోజనం పెట్టి పంపిస్తారు.

ఆ కథలో అబద్ధం ఒక్కటే. ఆ పంచె నాది కాదు.

ఫ్యాక్టరీ అమ్మేసి ఖాళీగా కూర్చున్నాను కాబట్టి, వ్యాపారంలోకి రాబోయే పిల్లల కోసం నా పని అసలు ఏమిటో రాయాలనుకున్నాను. లోను ఎట్లా తీసుకోవాలి, సబ్సిడీకి ఏ కాగితాలు పెట్టాలి అన్నవి ఇందులో ఉండవు. అవి మీకు నాకంటే బాగా తెలుసు.

నంజుండప్ప మిల్లు

మాది నల్లచెరువు దగ్గర ఒక మెట్ట పల్లె. నాయన వేరుశనగ వేసేవాడు, వాన మొహం చాటేసిన ఏడాది గొర్రెల వెంట పోయేవాడు. నేను పదో తరగతి తప్పి హిందూపురం వచ్చి, నంజుండప్ప అనే ఆయన మిల్లులో చేరాను. పట్టు దారానికి పురిపెట్టే మిల్లు అది. ఆయన ఇంట్లో కన్నడం, మిల్లులో తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడేవాడు.

పదకొండేళ్లు ఆయన దగ్గర పనిచేశాను. దారాన్ని వేళ్ల మధ్య నలిపి మంచి చెడ్డ చెప్పడం ఆయనే నేర్పాడు. నేతగాళ్లతో చీరలు నేయించే ధర్మవరం సాహుకార్లతో ఎంత వంగి మాట్లాడాలో, ఎక్కడ వంగడం ఆపాలో కూడా నేర్పాడు. ఒకసారి మా దారం మగ్గం మీద పుటుక్కు పుటుక్కున తెగిపోతోందని నలుగురు నేతగాళ్లు వచ్చారు. తప్పు మాదే. పురి తక్కువ పడిందని పొద్దునే తెలుసు. నంజుండప్ప వాళ్లకు కాఫీ తెప్పించి, కరెంటు సరిగ్గా ఇవ్వక మిషన్లు గతి తప్పుతున్నాయని కరెంటోళ్లను గంటసేపు తిట్టాడు. వచ్చినవాళ్లు కూడా తలా ఒక తిట్టు కలిపి, కొత్త దారం ఆర్డరిచ్చి పోయారు.

వాళ్లు పోయాక నన్ను పిలిచాడు. "సూసినావేమప్పా, తప్పు ఒప్పుకున్నోని దగ్గర ఎవురూ కొనరు. తప్పు ఎవురిదో చూపిచ్చినోని దగ్గర కొంటారు. దుడ్లు సంపాదించల్లంటే ఈ ఒక్కటి గుర్తు పెట్టుకో."

ఆ రోజు నాకు పెద్ద చదువు చదివినంత సంబరమైంది. నేను బాగా నేర్చుకున్న పాఠం అదొక్కటే. కష్టపడితే పైకొస్తారని మీకు చెప్పేవాళ్లను నమ్మొద్దు. నాకంటే ఎక్కువ కష్టపడినవాళ్లు ఆ మిల్లులోనే ముప్పై మంది ఉండేవారు. వాళ్లు పైకి రాలేదు. వాళ్ల నడుములు వంగిపోయాయి.

ముత్యాలప్ప

నంజుండప్పను వదిలి నా సొంత షెడ్డు పెట్టినప్పుడు నాకు దారం తెలుసు, మనుషులు తెలుసు, రంగు తెలియదు. రంగు తెలిసిన మనిషిని వెతుక్కుంటూ పోతే పెనుకొండలో ముత్యాలప్ప దొరికాడు. నాకంటే పదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి.

పట్టునూలును ముందు సోడా, సబ్బు నీళ్లలో ఉడికించి దాని జిగురు తీయాలి. తర్వాత కాగే రంగు తొట్టిలో చిలపలను కర్రలకు వేలాడదీసి తిప్పుతూ ఉండాలి. తర్వాత కడగాలి. చాలామంది తొట్టి దగ్గరి పనినే పనితనం అనుకుంటారు. ముత్యాలప్ప పనితనమంతా కడగడంలో ఉండేది. ప్రతి సరుకుకూ నాలుగు నీళ్లు. తొట్టి నింపి కడిగి పారబోయడం నాలుగుసార్లు జరగాల్సిందే. దారం లోపలికి పోని రంగు పైన పట్టుకుని ఉంటుంది, అది ఇక్కడ పోకపోతే చీర మీద పోతుందని ఆయన వాదన.

నాలుగో నీళ్ల తర్వాత ఆయన చిలపను తన పంచె అంచులో చుట్టి పిండేవాడు. పని చేసేటప్పుడు మనిషి ఎంత జాగ్రత్తగా ఉండేవాడంటే, సాయంత్రానికి కూడా ఆ పంచె తెల్లగానే ఉండేది. ధర్మవరం నుంచి వచ్చిన సాహుకార్లు నా మొహం చూసేవాళ్లు కాదు. నేరుగా లోపలికి పోయి ఆయన పంచె చూసి, సరుకు విప్పకుండానే తీసుకుపోయేవాళ్లు. నాకు కుళ్లుగా ఉండేది. షెడ్డు నాది, అప్పు నాది, పేరేమో ఆయన పంచెది.

శ్రావణం ముందు

హిందూపురం నీళ్ల సంగతి మీకు చెప్పక్కరలేదు. ఆ ఏడు మా బోరు ఎండింది. ట్యాంకర్లతో నెట్టుకొస్తున్నాం. శ్రావణమాసం పెళ్లిళ్లు దగ్గర పడ్డాయి. ధర్మవరంలో అందరికంటే పెద్ద సాహుకారు రాఘవప్ప శెట్టి మొదటిసారి నాకు ఆర్డరిచ్చాడు, మీగడ రంగు చీరలకు ఎర్ర అంచు కోసం ఎర్ర నూలు. ఆయన సరుకు సమయానికి అందిస్తే ఇక నేను వెనక్కి తిరిగి చూసుకోనక్కరలేదు. అది నాకు తెలుసు, ఊళ్లో నా పోటీదారులకూ తెలుసు.

లారీ వచ్చే రోజు ట్యాంకరు రాలేదు. ఉన్న నీళ్లు రెండు కడుగులకు సరిపోయాయి. ముత్యాలప్ప చిలపను పంచెలో చుట్టి పిండి, అంచు నాకు చూపించాడు. అరచేతి వెడల్పున ఎర్రగా పట్టింది.

"పంచె పట్టిందప్పా. పంపొద్దు. ఎల్లుండి ట్యాంకరు వస్తాది, ఇంగో రెండు నీళ్లు పోద్దాం."

"లారీ వాకిట్లో ఉండాదన్నా. మగ్గాలు కాసుకోనుండాయి."

"మగ్గం రెండు దినాలు ఊరికే ఉంటే ఏమీ కాదు. అంచు రంగు చీరలోకి దిగితే నేసినోళ్లు ఏమైపోవల్ల?"

నేను లారీ ఎక్కించాను. ఆయన అడ్డం పడలేదు, అరవలేదు. పంచె విప్పి, గోడకు తగిలించి ఉన్న పాత లుంగీ కట్టుకుని ఇంటికి పోయాడు. ఆయన పంచె మార్చుకుని పోవడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

ధర్మవరం జీపు

నెలన్నర తర్వాత రాఘవప్ప శెట్టి జీపు మా గేటు ముందు ఆగింది. శెట్టితో పాటు ముగ్గురు నేతగాళ్లు, నారాయణమ్మ అనే నేతగత్తె దిగారు. జీపు రోడ్డు మలుపు తిరగడం చూడగానే సంగతి ఏమిటో నాకు అర్థమైంది. వాళ్లు గేటు దాటేలోపల ముత్యాలప్పను ఉడికించే గది వెనక్కి తీసుకుపోయాను.

"అన్నా, ఈ ఒక్కసారి నీ మీద వేసుకో. నా పేరు పోతే షెడ్డు మూత పడతాది. నలభై మంది ఇంటికి పోతారు. నెల తిరక్కముందే నేనే ధర్మవరం పోయి నిజం చెప్పేస్తా."

ఆయన నా మొహం చూశాడు. చాలాసేపు చూసినట్టు నాకు అనిపించింది కానీ, జీపు దిగినవాళ్లు లోపలికి వచ్చే సమయం కూడా పట్టలేదు.

"నెల అంటాండావు కదా," అన్నాడు.

"నెలే."

"సరే పో."

నారాయణమ్మ చీర విప్పి నేల మీద పరిచింది. మడత పెట్టే ముందు నీళ్లు చిలకరించి సాపు చేస్తే, ఎర్ర అంచు రంగు మీగడ రంగులోకి జానెడు దూరం దిగింది. ఒక పడుగు మీద మూడు చీరలు, మూడూ అట్లాగే పోయాయి. చెడిన చీరకు కూలి ఉండదన్నది శెట్టికీ నేతగాళ్లకూ మధ్య ఉన్న కట్టుబాటు. నెల పైగా ఆమె, భర్త, కూతురు కూర్చుని నేసిన పని అది. ఆమె ఏడవలేదు. "ఇది సూసినాక మాకు నిద్ర పట్టలేదు సామీ," అని మాత్రం అంది.

నేను నంజుండప్ప శిష్యుణ్ణి. కాఫీ తెప్పించాను. తర్వాత ముత్యాలప్ప వైపు చెయ్యి చూపించి, "అద్దకం ఆయనది. సరిగ్గా కడక్కుండా, నాకు చెప్పకుండా లారీకి ఎక్కించినాడు," అన్నాను.

రాఘవప్ప శెట్టి ఆయన్ను అడిగాడు. "నిజమేనా ముత్యాలప్పా? నీ పంచె చూసి కదా మేము సరుకు ఎత్తేది?"

"నిజమే," అన్నాడు ముత్యాలప్ప. నారాయణమ్మ వైపు తిరిగి, "తప్పయిపోయిందమ్మా," అని చేతులు జోడించాడు. ఆమె మొహం తిప్పుకుంది.

శెట్టి పోతూ పోతూ, ఈ మనిషి చెయ్యి పెట్టిన సరుకు తన ఊరికి రాకూడదన్నాడు. నేను తలూపాను. మరుసటి వారం నుంచి ముత్యాలప్ప పనిలోకి రాలేదు. రమ్మని నేను కబురు చేయలేదు.

పైకి రావడం

నెల తిరిగింది. శెట్టి రెండో ఆర్డరు చేతిలో ఉంది, అది అందించాక చెబుదామనుకున్నాను. అది అందించాను. దసరా ఆర్డరు వచ్చింది. ఆ తర్వాత కొత్త షెడ్డు, ఆ తర్వాత కొత్త మిషన్లు, నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు. నిజం చెప్పడానికి మంచి రోజు ఒక్కటీ కనిపించలేదు. అప్పుడు చెబితే ఒక ఆర్డరు పోయేది, తర్వాత చెబితే ఫ్యాక్టరీ పోయేది, ఇంకా తర్వాతయితే పరువు పోయేది. నేను పెరిగేకొద్దీ నిజం ఖరీదు పెరిగింది. ఇది నేను ఏ కాలేజీలోనూ చెప్పలేదు.

పంచె బొమ్మ నేనే వేయించాను. ప్యాకెట్ మీద ఏదైనా గుర్తు ఉండాలని ప్రింటింగు ప్రెస్సు అతను అడిగితే, నోటికి వచ్చింది చెప్పాను. సాహుకార్లకు తెల్ల పంచె అంటే నమ్మకం కదా, ఆ నమ్మకాన్ని వదులుకోవడం ఎందుకనుకున్నాను. మనిషిని వదిలేసి పంచెను ఉంచుకున్నాను. తర్వాత ఎవరో విలేకరి ఆ బొమ్మ గురించి అడిగితే, ఆ పంచె నేనే కట్టుకునేవాణ్ణన్నాను. రెండోసారి చెప్పేసరికి నాలుక తడబడలేదు. పదోసారికి, నా నడుముకు ఆ తడి తగిలినట్టే గుర్తుండేది.

ముత్యాలప్ప ఏమయ్యాడో నాకు తెలియదని చెప్పను. అంతా తెలుసు. ధర్మవరంలో ఎవరూ ఆయనకు పని ఇవ్వలేదు. చాలా ఏళ్లు కంకర మిషను దగ్గర పనిచేశాడు. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలు వచ్చాక, ఒకదాని గేటు దగ్గర కావలివాడిగా చేరాడు. ఆ దారిన పోయేటప్పుడు నేను కారు అద్దం ఎక్కించుకునేవాణ్ణి.

మీ అందరి దగ్గరా ఒక ముత్యాలప్ప ఉంటాడు. సరుకు ఆపమని చెప్పే మనిషి. జీతం ఇచ్చేది మీరే కాబట్టి ఆయన మాట తోసేయడం చాలా సులభం. సరుకు ఆపే హక్కు ఆయనకు కాగితం మీద రాసివ్వండి. మీ బుద్ధి మీద ఆధారపడకండి. లారీ వాకిట్లో ఉన్నప్పుడు ఎవరి బుద్ధీ పనిచేయదు.

ఒక అమ్మాయి ప్రశ్న

ఈ ఏడాది మొదట్లో పెనుకొండలో ఒక కాలేజీకి పోయాను. ఎప్పటి కథే చెప్పాను. చప్పట్లయ్యాక వెనక వరసలో ఒక అమ్మాయి లేచింది. నా రహస్యాలేవీ అడగలేదు. "సార్, ఆ పంచె ఇప్పుడు యాడుండాది? దాచిపెట్టుకున్నారా?" అంది.

ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు ఆ మాట. ఇంట్లో భద్రంగా ఉందని చెప్పి కూర్చున్నాను. ఆ సభ నుంచి నేరుగా ముత్యాలప్ప ఇంటికి పోయాను. కొండ కింది కాలనీలో రెండు గదుల ఇల్లు. ఆయన చూపు దాదాపు పోయింది. కంపెనీ క్యాంటీన్‌లో పనిచేసే కూతురు సుశీల దగ్గర ఉంటున్నాడు. గళ్ల లుంగీ కట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. గొంతు వినగానే నన్ను గుర్తుపట్టాడు.

"నెల అంటివి కదప్పా," అన్నాడు. తిట్టలేదు.

నేను ఏదో గొణిగాను. ఫ్యాక్టరీ అమ్మేశానని, ఏదైనా సాయం చేస్తానని. అది ఆయన విననట్టే ఉన్నాడు. లుంగీ వైపు నేను చూస్తున్నానని సుశీల చెప్పిందో, ఆయనకే తెలిసిందో గానీ, "తెల్లది కట్టుకుని ఎవురికి చూపియ్యల్ల?" అన్నాడు. తర్వాత, "ఆ నారాయణమ్మ నేను కావాలనే చేసినా అనుకుంటాండాదేమో. మా చెల్లెలి కొడుకు పెండ్లి ధర్మవరంలో అయితే కూడా నేను పోలేదు, ఆమె ఎదురు పడుతుందేమోనని. నువ్వు పోయి ఆ ఒక్కటి చెప్పిరా. నాకింగ ఏమీ వద్దు," అన్నాడు.

మరుసటి రోజే ధర్మవరం పోయాను. రాఘవప్ప శెట్టి చనిపోయి చాలాకాలమైంది. నారాయణమ్మ కూడా పోయిందని వీధి మొదట్లోనే చెప్పారు. ఆమె ఇంట్లో మనవడు ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, మరమగ్గం నడుపుతున్నాడు. మగ్గం ఆపి కుర్చీ వేశాడు. ముత్యాలప్ప గురించి మాట్లాడాలని వచ్చానన్నాను.

అతను నవ్వాడు. "ముత్యాలప్ప రంగా సార్?"

నాకు అర్థం కాలేదు. అతనే విడమరిచి చెప్పాడు. "మా వీధిలో అట్ల అంటాం సార్. నిలబడంది ఏదైనా ముత్యాలప్ప రంగే. చవక ఫోను కొన్నామనుకోండి, నెలకే పోయిందనుకోండి, ముత్యాలప్ప రంగురా అంటాం. ఓట్లప్పుడు ఎవురన్నా మాటిచ్చినా అదే. చిన్నప్పటి నుంచి వింటాండా."

"ముత్యాలప్ప ఎవరో తెలుసా?"

"అది మనిషి పేరా సార్?"

నేను మొత్తం చెప్పాను. లారీ, రెండు నీళ్లు, ఎర్రబడ్డ పంచె, ఉడికించే గది వెనక నేను ఇచ్చిన మాట. అతను మర్యాదగా విన్నాడు. అంతా అయ్యాక, "ఇప్పుడు ఎవురికి చెప్పల్ల సార్? మా అవ్వ పోయె, శెట్టి పోయె. మీరు తెల్ల పంచె కంపెనీ సారే కదా? మా అవ్వ కడదాకా ఆ పంచె బొమ్మ ఉండే నూలే కావల్లనేది. నమ్మకమైందని," అన్నాడు. నేను వాకిలి దిగేసరికి మగ్గం మళ్లీ మొదలైంది.

జీవితంలో ఒక్క పాడు సరుకు కూడా తన ఇష్టంతో గేటు దాటనివ్వని మనిషి పేరు ఆ వీధిలో నిలబడని వస్తువులకు పేరైంది. ఆయన పంచె నా మీది నమ్మకానికి బొమ్మైంది. వ్యాపారంలో నేను సాధించింది ఏమిటని ఎవరైనా అడిగితే, ఈ రెండూ సాధించాను.

తిరిగి వచ్చేటప్పుడు పెనుకొండలో ఆగాను. ముత్యాలప్ప వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు, పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడని సుశీల చెప్పింది.

"ఏమన్నారప్పా?"

నారాయణమ్మ పోయిందని చెప్పాను. "మిగతా వాళ్లు?" అన్నాడు.

నా నోటికి నిజం రాలేదు. అలవాటు లేదు. "నిజం చెప్పేసినానన్నా. నీ పేరు ఆ వీధిలో ఇంకా అంటాండారు. చిన్నపిల్లోళ్లు గూడా," అన్నాను.

"అట్లనా," అన్నాడు. ఆ మొహంలో వెలుగు చూసి నేను తల దించుకున్నాను. ఆయన ఇంట్లోకి తిరిగి, "సుశీలా, నా పెట్టెలో అడుగున తెల్ల పంచె ఉండాది సూడు. ఉతికి ఆరెయ్యి. రేపు కట్టుకుంటా," అన్నాడు.

ఆ పంచె ఎక్కడుందని అడిగిన అమ్మాయికి ఇదే జవాబు.

ఇక మీదట నేను ఏ సభకూ పోను. ఈ రాసింది ధర్మవరంలో ఆ వీధివాళ్ల చేతికి కూడా అందేలా చూస్తాను. వాళ్ల కంటే ముందు సుశీలకు పంపిస్తాను, ఆమె తండ్రికి చదివి వినిపించక తప్పదు. ఆయన పేరు మీది మరక పోవాలంటే, ఆ పేరును ఆ ఊరు ఏం చేసిందో ముందు ఆయన వినాలి. నేను రెండోసారి కూడా మోసం చేశానని వినాలి. సుశీలమ్మా, ఇక్కడిదాకా వచ్చాక నీకు చదవబుద్ధి కాదు. మంచి మాటలు ఏరి వినిపించి కాగితం మడిచేయాలనిపిస్తుంది. అలా చేయొద్దు, మొత్తం చదువు. మీ నాయన ఏ సరుకునూ రెండు నీళ్లతో వదిలిన మనిషి కాదు.